మహమ్మారి కాలపు ఆంక్షలకు హద్దూ గడువూ చట్టంలోనే ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. నేను రెవెన్యూ శాఖలో పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేసిన కర్నూలు వాసిని. 2020 మార్చి ఆఖరి వారం నుంచి దాదాపు రెండు నెలలపాటు, తెలంగాణ సరిహద్దులో ఆంధ్రప్రదేశ్ వైపున ఏర్పాటు చేసిన ఒక చెక్‌పోస్టులో పోలీసు, వైద్య సిబ్బందితో కలిసి పనిచేశాను. కోవిడ్ కథ ముగిసిందనీ, ఇప్పుడు దానిని తిరగదోడటం వల్ల ఒరిగేదేమీ లేదనీ అనుకునేవారు చాలామంది ఉన్నారు. వ్యాధి తీవ్రత తగ్గిన మాట నిజమే. అయితే ఒక ప్రాంతంలో అంటువ్యాధి ప్రబలినప్పుడు ఆ ప్రాంతాన్ని మూసివేసే అధికారం ఎవరికి ఉంది, ఎంత మేరకు ఉంది, ఎన్ని రోజులు ఉంటుంది, దానిని వాడినవారు ఎవరికి సమాధానం చెప్పుకోవాలి అనే ప్రశ్నలకు ఆనాడు మన చట్టాల్లో సూటిగా జవాబు దొరకలేదు, ఈనాటికీ దొరకడం లేదు. ఆ లోటు వల్ల సరిహద్దు పల్లెల జనం ఎలా నలిగిపోయారో దగ్గర నుంచి చూసినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

ఏప్రిల్ నెలలో ఒక ఉదయం తుంగభద్ర అవతల తెలంగాణ పల్లె నుంచి ఒక రైతు, తన కొడుకు నడుపుతున్న మోటారు సైకిలు వెనుక కూర్చొని మా చెక్‌పోస్టుకు వచ్చారు. అరవై ఏళ్లకు దగ్గరగా ఉంటారు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఆసుపత్రి ఫైలు ఉన్నాయి. కర్నూలులో డయాలసిస్ చేయించుకోవాలి. "వారానికి రెండుసార్లు పోవాల్సిందే సార్, ఒకటి తప్పితే ఒళ్ళంతా నీరు పడుతుంది" అన్నారు. మాకు అందిన ఉత్తర్వులో 'అత్యవసర వైద్యానికి మినహాయింపు' అని ఒక్క మాట ఉంది. ఏది అత్యవసరమో అందులో లేదు. అక్కడున్న కానిస్టేబుల్ దృష్టిలో అత్యవసరమంటే ప్రమాదం, కాన్పు, గుండెపోటు, పాముకాటు. ఏ రోజు రావాలో ముందే రాసి ఇచ్చిన చికిత్స అత్యవసరం ఎలా అవుతుందని అతని సందేహం. పై అధికారికి ఫోను చేస్తే కలవలేదు. నా బాధ్యత మీద పంపిస్తున్నానని రిజిస్టరులో రాసి సంతకం చేసి పంపించాను. మూడు రోజుల తర్వాత ఆయన మళ్ళీ వచ్చినప్పుడు నేను డ్యూటీలో లేను, వెనక్కి తిప్పి పంపారు. ఆ సంగతి ఆ పై వారం ఆయన కొడుకు చెబితే తెలిసింది. అప్పటికి ఆయన మోటారు సైకిలు మీద కూర్చోలేని స్థితిలో, ఆయాసపడుతూ, ఆటోలో వచ్చారు. వెనక్కి పంపిన అధికారి మనసు లేనివారని నేను అనను. ఆయన ఉత్తర్వులోని మాటను ఒకలా చదివారు, నేను మరొకలా చదివాను. ఒక మనిషి ప్రాణం ఆ రోజు ఏ షిఫ్టులో ఎవరు కూర్చున్నారన్న దాని మీద ఆధారపడిందన్నదే నా బాధ. డయాలసిస్, క్యాన్సర్ రోగుల కీమోథెరపీ, రేడియేషన్, రక్తమార్పిడి మీద బతికే తలసీమియా పిల్లలు, వీరెవ్వరూ 'అత్యవసరం' అన్న ఆ ఒక్క మాటలో కనిపించలేదు.

అంటే 2020లో అవతలి ఒడ్డువారిని ఇవతలి ఒడ్డున మేము ఆపాము. ఏడాది తిరిగేసరికి అదే బాధ తిరిగి మా ప్రాంతానికే వచ్చింది. 2021 మే నెలలో రెండో ఉధృతి మంచి పట్టులో ఉన్నప్పుడు, తెలంగాణ ప్రభుత్వం మే 12 నుంచి లాక్‌డౌన్ విధించింది. అంతకు కాస్త ముందే, కర్నూలు దాటి హైదరాబాదు దారిలో వచ్చే పుల్లూరు టోల్‌ప్లాజా వద్ద ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే అంబులెన్సులను ఆపడం మొదలైంది. హైదరాబాదు ఆసుపత్రిలో పడక ఖాయమైనట్టు ముందుగా చూపించాలని, ఆసుపత్రి ద్వారా అనుమతి పొందాలని నిబంధన పెట్టారు. ఆక్సిజన్ సిలిండరు అయిపోతున్న రోగి పక్కన కూర్చొని కంట్రోల్ రూముకు ఫోను కలుపుతున్న బంధువుల ఫొటోలు మీ పత్రికలోనూ వచ్చి ఉంటాయి. దారిలో ఆగిన వారిలో ప్రాణాలు విడిచినవారు ఉన్నారని ఆ రోజుల్లో వార్తలు వచ్చాయి. చివరికి మే 14న తెలంగాణ హైకోర్టు ఆ నిబంధనల అమలును నిలిపివేసిన తర్వాతే దారి తెరుచుకుంది. ఇక్కడ ఒక విషయం గుర్తు చేయాలి. 2014 నాటి పునర్విభజన చట్టం ప్రకారం హైదరాబాదు 2024 జూన్ 2 వరకు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధాని. సొంత రాజధానిలోని ఆసుపత్రికి వెళ్లే దారిలో రోగులు ఆగిపోయారన్న మాట.

తెలంగాణ ప్రభుత్వ వాదనను తోసిపుచ్చడం నా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో హైదరాబాదు ఆసుపత్రుల్లో పడకలు నిండిపోయాయి. ఆక్సిజన్, రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్లు కేంద్రం రాష్ట్రాలవారీగా కేటాయించేది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన రోగుల బరువు తమ కోటా మీద పడుతోందని ఆ ప్రభుత్వం చెప్పింది. పాలించేవారు తమ ప్రజల కోసం అలా ఆలోచించడం సహజమే. అయితే ఆ సమస్యకు పరిష్కారం కేటాయింపు లెక్కను మార్చడంలో ఉంది. ఒక నగరంలో చికిత్స పొందుతున్న రోగులందరినీ, వారు ఏ రాష్ట్రం వారైనా, లెక్కలోకి తీసుకొని ఆ మేరకు ఆక్సిజన్ ఇవ్వాలని కేంద్రాన్ని రెండు రాష్ట్రాలూ కలిసి అడిగి ఉండవలసింది. ఆ పని జరగకపోగా, లెక్కలో ఉన్న తేడాను సరిదిద్దే భారం టోల్‌ప్లాజా దగ్గర నిలబడ్డ పోలీసు మీదా, అంబులెన్సులో పడుకున్న రోగి మీదా పడింది.

ఈ ప్రమాదాన్ని ముందుగా ఊహించడం అసాధ్యమని కూడా ఎవరూ అనలేరు. పుల్లూరు సంఘటనకు పదమూడు నెలల ముందే, 2020 మార్చిలో, కేరళలోని కాసరగోడు నుంచి మంగళూరు వెళ్లే దారిని తలపాడి వద్ద కర్ణాటక మూసివేసింది. కొన్ని దారుల్లో రోడ్డుకు అడ్డంగా మట్టి పోశారు. కాసరగోడు జిల్లావారికి పెద్ద వైద్యమంటే మంగళూరే. మాకు నది అవతల, తెలంగాణలో ఉన్న అలంపూరు, గద్వాల వారికి కర్నూలు పెద్దాసుపత్రి ఎలాగో అలాగన్న మాట. చికిత్స అందక అక్కడ రోగులు మరణించారు. ఏప్రిల్ 1న కేరళ హైకోర్టు ఆ అడ్డంకులు తొలగించేలా చూడాలని కేంద్రాన్ని ఆదేశించింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, సరిహద్దు దాటే రోగుల కోసం ఒక పద్ధతి కుదిరిందని కేంద్రం చెప్పడంతో ఏప్రిల్ 7న అక్కడ ముగిసింది. ఆ పద్ధతిని అప్పుడే దేశమంతటికీ వర్తించే నియమంగా రాసి పెట్టుకొని ఉంటే పుల్లూరు జరిగేది కాదని నా దృఢమైన నమ్మకం. ఒక సరిహద్దులో జరిగిన తప్పును ఆ సరిహద్దు వరకే సర్దుబాటు చేసి వదిలేశాము.

ఇలా జరగడానికి మూలం మన చట్టాల తీరులో ఉంది. రాజ్యాంగంలోని 352వ అధికరణం కింద దేశమంతటికీ గాని, దేశంలోని ఒక భాగానికి గాని అత్యయిక పరిస్థితి ప్రకటించవచ్చు. ఒక భాగానికి మాత్రమే ప్రకటించే వీలు 1976 నాటి 42వ సవరణతో వచ్చింది. కాని దానికి కారణాలు మూడే: యుద్ధం, విదేశీ దురాక్రమణ, సాయుధ తిరుగుబాటు. వ్యాధి అందులో లేదు. లేకపోవడమే మంచిదని నేను భావిస్తాను, ఎందుకంటే ప్రాథమిక హక్కులను పక్కన పెట్టేంతటి ఆయుధం జబ్బు చేసిన ప్రజల మీద వాడదగినది కాదు. సుప్రీంకోర్టు కూడా 2020 అక్టోబరు 1న గుజరాత్ కార్మికుల కేసులో ఇచ్చిన తీర్పులో ఈ తేడాను స్పష్టం చేసింది. మహమ్మారిని కారణంగా చూపి ఫ్యాక్టరీల చట్టంలోని 'పబ్లిక్ ఎమర్జెన్సీ' నిబంధన కింద పని గంటలు పెంచి, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఎగ్గొట్టడం చెల్లదని చెప్పింది. అయితే 352వ అధికరణానికి ఉన్న కట్టుబాట్లను ఒకసారి గమనించండి. ఆ ప్రకటనకు నెల రోజుల్లోపు పార్లమెంటు ఉభయ సభల ఆమోదం కావాలి. ఆ తర్వాత ఆరు నెలలకొకసారి మళ్ళీ ఆమోదం కావాలి. యుద్ధం వచ్చినా ప్రభుత్వం సభ ముందు నిలబడవలసిందే. అంటువ్యాధి పేరుతో ఒక మండలాన్నో జిల్లానో రాష్ట్రాన్నో మూసివేయడానికి మాత్రం ఏ సభ ఆమోదమూ అక్కరలేదు.

ఎందుకంటే ఆ పనికి మనం వాడినవి వేరే రెండు చట్టాలు. మొదటిది 1897 నాటి ఎపిడమిక్ డిసీజెస్ చట్టం, అంటే అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు ఆ ఏడాది ఫిబ్రవరి 4న తెచ్చిన ఈ చట్టంలో మొదట ఉన్నవి నాలుగు సెక్షన్లే. రాష్ట్రమంతటా గాని అందులోని ఏ భాగంలో గాని ప్రమాదకరమైన వ్యాధి వ్యాపించిందని ప్రభుత్వం భావిస్తే, తనకు అవసరమని తోచిన తాత్కాలిక నిబంధనలు చేయవచ్చునని రెండో సెక్షన్ చెబుతుంది. 'తాత్కాలికం' అంటే ఎన్నాళ్లో చెప్పదు. ఆ నిబంధనలను శాసనసభ ముందు ఉంచాలని చెప్పదు. మంచి ఉద్దేశంతో చేసిన పనికి ఎవరి మీదా దావా వేయరాదని మాత్రం నాలుగో సెక్షన్ గట్టిగా చెబుతుంది. ఈ చట్టం నీడలోనే ఆనాడు పూనాలో సైనికులు ఇళ్లలోకి చొరబడి సోదాలు చేయడం, ఆగ్రహించిన చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చి చంపడం చరిత్రలో చదువుకున్నాము. ఆ చట్టం కిందే ఆంధ్రప్రదేశ్ 2020 మార్చి 13న, తెలంగాణ మార్చి 21న కోవిడ్ నిబంధనలు జారీ చేశాయి. ఆ తర్వాత కేంద్రం తెచ్చిన సవరణ వైద్య సిబ్బంది మీద దాడులకు శిక్షలు పెంచింది. అది అవసరమైన సవరణే, కాదనను. కాని ప్రజల రాకపోకలను అడ్డుకునే అధికారానికి అది కొత్తగా హద్దులేవీ గీయలేదు. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి పేరు మారింది, ఉత్తర్వు ఉల్లంఘనకు శిక్ష వేసే పాత 188వ సెక్షన్ 223గా, జనం గుమికూడటాన్ని నిషేధించే పాత 144వ సెక్షన్ 163గా కొత్త చట్టాల్లోకి చేరాయి. 1897 చట్టం ఇచ్చిన ఆ అధికారం మాత్రం చెక్కు చెదరకుండా ఉంది.

రెండోది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. వరద, తుపాను, భూకంపం వంటివి దృష్టిలో పెట్టుకొని రాసిన చట్టమిది. 2020 మార్చి 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టినది దీని కిందే. 34వ సెక్షన్ ప్రకారం కలెక్టరు నాయకత్వంలోని జిల్లా సంస్థ ప్రభావిత ప్రాంతంలోకి ఎవరూ రాకుండా, లోపలివారు బయటికి పోకుండా కట్టడి చేయవచ్చు. తుపాను వచ్చినప్పుడు అది సరైన అధికారమే. నేను కూడా వరద సమయంలో రోడ్లు మూయించాను. కాని వరద నీరు మూడు, నాలుగు రోజుల్లో తీస్తుంది, మూసిన రోడ్డు దానంతట అదే తెరుచుకుంటుంది. నెలల తరబడి సాగే వ్యాధికి అదే అధికారాన్ని, గడువు లేకుండా, పునఃపరిశీలన లేకుండా వర్తింపజేస్తే అది వేరే వస్తువు అవుతుంది.

కేంద్రం, రాష్ట్రాల మధ్య అధికారాలు పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూలు చూసినా ఇదే గజిబిజి. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఆరో అంశం. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అంటువ్యాధి సోకకుండా నివారించడం ఉమ్మడి జాబితాలో ఇరవై తొమ్మిదో అంశం. రాష్ట్రాల మధ్య వలసలు, రాష్ట్రాల మధ్య క్వారంటైన్ కేంద్ర జాబితాలో ఎనభై ఒకటో అంశం. అంటే చెక్‌పోస్టు దగ్గర ఒక రోగిని ఆపడమనే ఒక్క పని మూడు జాబితాల్లోనూ ఉంది. ఎవరి మాట చెల్లుతుందో కింది ఉద్యోగికి ఎలా తెలుస్తుంది? 2020 మార్చి 25న హైదరాబాదు హాస్టళ్లు మూతపడుతున్నాయని భయపడిన విద్యార్థులు, ఉద్యోగులు అక్కడి పోలీస్ స్టేషన్లలో ఎన్ఓసీలు (అభ్యంతరం లేదన్న పత్రాలు) తీసుకొని బయలుదేరితే, జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు చెక్‌పోస్టులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆ కాగితాలు చెల్లవన్నారు. ఒక ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రంతో వచ్చిన ఆడపిల్లలు, చంటిబిడ్డల తల్లులు రాత్రంతా రోడ్డు మీద ఉన్నారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ స్పందన పోర్టల్‌లో పాసులు వచ్చాయి, తెలంగాణ పోలీసుల ఈ-పాసులు వచ్చాయి. ఒకవైపు పాసు మరోవైపు చెల్లుతుందా అన్న ప్రశ్న మాత్రం చివరిదాకా మా బల్ల మీదే ఉండిపోయింది.

ప్రాంతాన్ని ఎలా కొలవాలన్న విషయంలోనూ మనం పొరబడ్డాము. 2020 ఏప్రిల్ 30న కేంద్రం దేశంలోని జిల్లాలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగులుగా విడదీసింది: 130 ఎరుపు, 284 నారింజ, 319 ఆకుపచ్చ. జిల్లాను కొలబద్దగా తీసుకోవడం పైనుంచి చూస్తే సులువు. కాని అప్పటికి తెలంగాణలో 33 జిల్లాలు ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో 13 మాత్రమే. చిన్న జిల్లాలున్న చోట రంగు కేసులున్న చోటికి కాస్త దగ్గరగా పడింది. మా పాత కర్నూలు జిల్లా మంత్రాలయం నుంచి శ్రీశైలం దాకా విస్తరించి ఉండేది. కర్నూలు పట్టణంలో, నంద్యాలలో కేసులు పెరిగితే జిల్లా అంతటికీ ఎరుపు పడింది. ఒక్క కేసూ లేని నల్లమల అంచు గూడేనికీ, పడమటి మెట్ట పల్లెకూ బస్సు ఆగిపోయింది. ఆ పల్లెల్లో వేరుశనగ విత్తనాల కోసం, పింఛను కోసం, మందుల కోసం జనం పడిన అవస్థ వ్యాధి వల్ల వచ్చింది కాదు, జిల్లా పటం వల్ల వచ్చింది. కేసులున్న వీధిని, ఊరిని మాత్రమే మూసే కంటైన్‌మెంట్ జోన్లు కొంత మెరుగైన ఆలోచన, కాని వాటిలోనూ వీధి హద్దు, ఊరి హద్దు గీసేటప్పుడు ఆసుపత్రి, మందుల దుకాణం, తాగునీటి బోరు ఏ వైపున ఉన్నాయో చూడమని ఏ ఉత్తర్వూ మాకు చెప్పలేదు.

ఇతర దేశాల్లో ఇంతకంటే మెరుగ్గా ఎలా చేశారో చూడటం అవసరం. జపాన్‌లో 2020 మార్చిలో సవరించిన చట్టం ప్రకారం ప్రధాని అత్యయిక పరిస్థితిని ప్రకటించేటప్పుడు ఏ ప్రాంతాలకో, ఏ తేదీ వరకో ప్రకటనలోనే చెప్పాలి, పార్లమెంటుకు తెలియజేయాలి. ఆ ప్రకారమే ఏప్రిల్ 7న టోక్యో, ఒసాకా సహా ఏడు ప్రిఫెక్చర్లకు (అక్కడి పాలనా ప్రాంతాలకు) మే 6 వరకు ప్రకటించారు. 16న దేశమంతటికీ విస్తరించారు. మే 14న 47 ప్రిఫెక్చర్లలో 39 చోట్ల ఎత్తివేశారు, 25 నాటికి అన్నిచోట్లా ఎత్తివేశారు. అంతకు ముందే ఫిబ్రవరి 28న హొక్కైడో గవర్నరు చట్టబద్ధమైన ఆధారం లేకుండానే తన ప్రాంతానికి అత్యయిక పరిస్థితి ప్రకటించి, మార్చి 19 వరకేనని ఆ రోజే గడువు చెప్పారు. చట్టం లేని చోట కూడా గడువు చెప్పాలన్న స్పృహ ఆయనకు ఉంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది ఆస్ట్రేలియా. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు ఆ రోజుల్లో ఫోనులో చెప్పిన సంగతులతో నాకు దాని మీద ఆసక్తి కలిగింది. విక్టోరియా రాష్ట్రంలో 2020 మార్చి 16న అత్యయిక పరిస్థితి ప్రకటించారు. అక్కడి ప్రజారోగ్య చట్టం ప్రకారం దానిని ఒక్కోసారి నాలుగు వారాల చొప్పున మాత్రమే పొడిగించవచ్చు, మొత్తం ఆరు నెలలు దాటరాదు. ఆరు నెలలు ముగియబోతుండగా మరో పన్నెండు నెలలు కావాలని ప్రభుత్వం అడిగింది. ఎగువ సభలో హోరాహోరీ చర్చ జరిగి, 20-19 ఓట్లతో ఆరు నెలలకు మాత్రమే ఒప్పుకున్నారు. ఒక్క ఓటు తేడా. ప్రజలను ఇళ్లలో ఉంచే అధికారం ఎంతకాలమో ప్రజాప్రతినిధులు ఒక్కొక్కరూ పేరు పెట్టి ఓటు వేసి తేల్చారు. ఆ లాక్‌డౌన్లు ఎంతో కఠినమైనవి, వాటిని నేను మెచ్చుకోవడం లేదు. చర్చ జరిగిన తీరును మెచ్చుకుంటున్నాను. మరొక సంగతి మా తుంగభద్ర వారికి మరీ దగ్గరిది. 2020 జూలై 8న న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా మధ్య సరిహద్దు మూసేశారు. 1919 స్పానిష్ ఫ్లూ తర్వాత అలా మూయడం అదే మొదలు. ముర్రే నదికి అటూ ఇటూ ఆల్బరీ, వొడోంగా అనే జంట పట్టణాలు ఉన్నాయి, వేర్వేరు రాష్ట్రాల్లో. రెండు పట్టణాల ఆసుపత్రులూ ఒకే సంస్థ కింద నడుస్తాయి. మొదటి రోజుల్లో అక్కడా వంతెన మీద కార్లు బారులు తీరాయి. కాని సరిహద్దు వాసులకు ప్రత్యేక అనుమతి పత్రాల విధానం తొలి రోజు నుంచే ఉంది, నది రెండు ఒడ్డుల ప్రజలనూ ఒక సముదాయంగా గుర్తించారు. అలంపూరు, కర్నూలు ప్రజలను ఆ రెండేళ్లలో ఏ ఉత్తర్వూ అలా గుర్తించలేదు.

వ్యాధి వచ్చినప్పుడు ఆంక్షలే వద్దని నేను అనడం లేదు. చెక్‌పోస్టులో నాతో పనిచేసిన ఒక ఆరోగ్య కార్యకర్త ఆ వేసవిలోనే కోవిడ్‌తో కన్నుమూశారు. వ్యాధి ఎంత క్రూరమైనదో నాకు తెలుసు. నేను కోరేది ఆంక్షలకు చట్టం చెప్పే హద్దు. ప్రజారోగ్యం రాష్ట్రాల అంశం గనుక రెండు తెలుగు రాష్ట్రాలూ ఢిల్లీ వైపు చూడకుండానే తమ చట్టాలు చేసుకోవచ్చు. కేరళ 2023లో తన ప్రజారోగ్య చట్టం చేసుకుంది. ఆంధ్ర ప్రాంతంలో 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది, దానిని దుమ్ము దులిపి తిరగరాయవచ్చు. ఆ చట్టంలో, ఏ ప్రాంతాన్ని మూస్తున్నారో గ్రామం, వార్డు పేర్లతో సహా ప్రకటనలోనే ఉండాలి. ఎందుకు మూస్తున్నారో వైద్యాధికారి రాతపూర్వక నివేదిక ఆ రోజే ప్రజలకు అందుబాటులో ఉండాలి. మొదటి గడువు పద్నాలుగు రోజులు దాటకూడదు, పొడిగించాలంటే కొత్త నివేదిక కావాలి, రెండు నెలలు దాటాలంటే శాసనసభ ఆమోదించాలి. సభ కూడే పరిస్థితి లేకపోతే అన్ని పక్షాల సభ్యులున్న స్థాయీ సంఘమైనా ఆమోదించాలి. ఉత్తర్వు తెలుగులో ఉండాలి. మాకు ఇంగ్లీషులో వాట్సాప్‌లో వచ్చేది, దానిని ఎవరికి అర్థమైనట్టు వారు నోటితో చెప్పుకునేవారు.

అన్నిటికంటే ముఖ్యమైనది వైద్యానికి సంబంధించిన మినహాయింపు. దానిని అధికారి దయకు వదలకుండా, హక్కుగా రాయాలి. అంబులెన్సును ఏ సరిహద్దులోనూ ఆపరాదని, ముందే తేదీలు ఖరారైన చికిత్సలు కూడా మినహాయింపులోకి వస్తాయని, ఆసుపత్రి చీటీ గాని ఫైలు గాని చూపితే చాలునని, రోగి వెంట ఒక మనిషిని అనుమతించాలని, తిరుగు ప్రయాణానికి వేరే పాసు అడగరాదని చట్టంలోనే ఉండాలి. ప్రాంతాన్ని నిర్ణయించేటప్పుడు ఏ ఊరివారు వైద్యానికి ఏ ఆసుపత్రికి వెళతారో అదే కొలబద్ద కావాలి. కర్నూలు పెద్దాసుపత్రి అవుట్ పేషెంట్ రిజిస్టరు తిరగేస్తే ఆ పల్లెల పేర్లు దొరుకుతాయి, ప్రత్యేకంగా సర్వే కూడా అక్కరలేదు. రెండు రాష్ట్రాల మధ్య ఇటువంటి ఒప్పందం కుదుర్చుకోవడానికి దక్షిణాది రాష్ట్రాలు కలిసి కూర్చొనే దక్షిణ ప్రాంతీయ మండలి అనే వేదిక ఉంది. అందులో కర్ణాటక, కేరళ కూడా ఉన్నాయి గనుక తలపాడి సమస్యనూ అక్కడే తేల్చవచ్చు. నదీజలాల మీద, ఆస్తుల పంపకం మీద ఎన్ని అభిప్రాయభేదాలున్నా, రోగుల విషయంలో రెండు ప్రభుత్వాలూ ఒక్క సమావేశంలో సంతకాలు చేయగలవు.

కేంద్రం చేయవలసినదీ ఉంది. కొత్త ప్రజారోగ్య చట్టం కోసం 2017లో ఒక ముసాయిదా మీద అభిప్రాయాలు సేకరించారు, అది చట్టం కాలేదు. 2024 ఫిబ్రవరిలో, చట్టాల మార్పుపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ తన 286వ నివేదికలో 1897 చట్టాన్ని సమగ్రంగా సవరించడమో, కొత్త చట్టం తేవడమో చేయాలని సూచించింది, కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థల పాత్రలను విడదీసి చెప్పే ఎపిడమిక్ ప్రణాళిక ఉండాలంది. మన రెండు రాష్ట్రాల ఎంపీలు పార్టీలతో నిమిత్తం లేకుండా ఆ నివేదిక మీద చర్చ కోరాలని, అందులో రాష్ట్రాల మధ్య రోగుల రాకపోకల అంశాన్ని ప్రత్యేకంగా చేర్చమని అడగాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఆ డయాలసిస్ రైతును తిప్పి పంపారని తెలిసిన రోజు నుంచి, మా చెక్‌పోస్టులో వైద్యం కోసం వచ్చి ఆగిపోయినవారి వివరాలను అధికారిక రిజిస్టరుతో పాటు నా సొంత నోటుబుక్కులో కూడా రాసి పెట్టుకున్నాను. తేదీ, ఊరు, జబ్బు, ఏ కారణంతో ఆపామో, చివరికి పంపామో లేదో, ఈ వివరాలు ఉన్నాయి. పేర్లు రాయలేదు. శాసనసభ సంఘం గాని, లా కమిషన్ గాని, ఈ విషయం మీద పనిచేస్తున్న న్యాయవాదులు గాని కోరితే ఆ నోటుబుక్కును అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాను. ఇతర చెక్‌పోస్టుల్లో పనిచేసిన నా తోటి ఉద్యోగుల దగ్గర, అవతలి ఒడ్డున పనిచేసినవారి దగ్గర కూడా ఇలాంటి కాగితాలు ఉండే ఉంటాయి. వారు వాటిని పారవేయవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు,
కర్నూలు